రెండు నాలుకల గడియారము

మన యిండ్లలో గోడగడియారమునకు గల మర్యాద ఇంటి పెద్దకును లేదు. పెద్దవాని మాటను కాదనువారు ఇంటింటను గలరు. గడియారము మాటను కాదని కూర్చుండువాడు కానరాడు. అది పది యన్న పది, పదకొండన్న పదకొండు. బడికి పోవు పిల్ల మొదలుకొని ముహూర్తము పెట్టు పురోహితుని వరకు అందరును దానికి తలయొగ్గుదురు. అయినను ఒక్క ప్రశ్న వేసికొని చూడుడు. ఈ గడియారము నిజము చెప్పుచున్నదని మనకెట్లు తెలియును? మరియొక గడియారమును చూచి తెలిసికొందుము. ఆ రెండవది నిజము చెప్పుచున్నదని యెట్లు తెలియును? మూడవదానిని చూచి. ఇట్లు సాక్షికి సాక్షిని వెదకుచు పోయినచో తుదకు మనము చేరునది కాలమును గూర్చిన ప్రశ్న కాదు, నమ్మకమును గూర్చిన ప్రశ్న. సాక్షులలో కొందరు చెడిపోయినవారై యుండగా, ఆ చెడినవారెవరో మనకు తెలియకుండగా, తక్కిన మంచివారు ఒక్క మాట మీద నిలుచు టెట్లు? యంత్రశాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నకు నలుబదియేండ్ల క్రిందట ఒక సమాధానము కనుగొనిరి. అది యంత్రములకే కాక సంసారములకును సంఘములకును పనికివచ్చునా, వచ్చినచో ఎంతవరకు వచ్చును అనునదియే ఈ వ్యాసమున నేను విచారింపదలచినది.

ఈ విచారమునకు నన్ను పురికొల్పినది నేను నివసించు తావే. హైదరాబాదు నగరమునకు తూర్పున, నాచారమునుండి హబ్సిగూడ మీదుగా ఉప్పల్ కూడలికి పోవు దారి దీర్ఘమైనది కాదు. మా చిన్నతనమున ఇచ్చటి ఆడువారు కర్మాగారపు కూతను బట్టి పొయ్యి రాజవేయుచుండిరి. నేడు ఈ ప్రాంతమున కూతలు లేకయే గడియారముల పొత్తు మీద నడచు పనులు మూడు గలవు. మొదటిది 1961లో స్థాపితమైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ. భూకంపము పుట్టినప్పుడు దాని అదురు ఒక్కొక్క పరిశీలన కేంద్రమునకు ఒక్కొక్క క్షణమున చేరును. ఆ క్షణముల తేడాలను బట్టియే కంపము పుట్టిన చోటును లెక్కింతురు. భూమి పైపొరలో మొదటి అదురు సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు పోవును గనుక, ఒక కేంద్రపు గడియారము ఒక్క సెకను తప్పినచో ఆ కేంద్రపు లెక్కలో 6 కిలోమీటర్ల దూరము తప్పును.

రెండవది మెట్రో రైలు. 2017 నవంబరు 28వ తేదీన ప్రారంభమైన ఈ రైలునకు నియంత్రణ కేంద్రము ఉప్పల్ డిపోయందే యున్నది. బండ్లు తామెక్కడ నున్నవో రేడియో మూలమున ఎప్పటికప్పుడు తెలుపుచుండును. ముందు బండికిని వెనుక బండికిని నడుమ ఉండవలసిన దూరము ఆ వార్తలను బట్టి నిర్ణయింపబడును. "ఇక్కడ నున్నాను" అను మాటకు "ఇప్పుడు" అను మాట తోడు లేనిచో అర్థము లేదు. మూడవది "కవచ్" అను రైలు రక్షణయంత్రము. డ్రైవరు ఎర్రదీపమును చూడక ముందుకు పోయినను, మితిమీరిన వేగమున పోయినను, తానే బ్రేకు వేసి ప్రమాదమును తప్పించుట దాని పని. ఇది దక్షిణ మధ్య రైల్వే మార్గములందు పరీక్షింపబడి 2020లో దేశమున కంతటికి అంగీకృతమైనది. దీనిని నిర్మించిన తొలి మూడు సంస్థలును హైదరాబాదువే. అందొకటియైన మేధా సర్వో డ్రైవ్స్ నాచారము పారిశ్రామిక వాడకు చెందినది. పెక్కు బండ్లును స్టేషనులును ఒకే రేడియో మార్గమున మాటలాడవలసి యుండుట చేత, ఒక్కొక్క దానికి ఒక్కొక్క క్షణభాగము వంతుగా ఇయ్యబడినది. గడియారములు కలియనిచో ఒకరి వంతులో ఒకరు మాటలాడుదురు. ఎవరి మాటయు ఎవరికిని వినబడదు. కలహము పుట్టిన యింటిని చూచినవారికి ఈ సంగతి విప్పి చెప్పనక్కరలేదు.

గడియారములేల కలియవు? ఏ గడియారమును మరియొకదానివలె నడువదు గనుక. నేటి యంత్రములలో కాలమును లెక్కించునది క్వార్ట్జు స్ఫటికపు తునక. అందు పది లక్షల పాళ్ళకు 20 పాళ్ళ తేడా యున్నచో దినమునకు సుమారు 1.7 సెకండ్లు, నెలకు సుమారు 50 సెకండ్లు తప్పును. ఎండకు ఒక తీరుగను చలికి ఒక తీరుగను నడచుట దాని స్వభావము. ఇది నేరము కాదు. మనుష్యులలో ఒకడు తొందరపాటువాడును ఒకడు నిదానస్థుడును అయినట్లే, గడియారములలోను త్వరపడునవి కొన్ని, వెనుకబడునవి కొన్ని. కావున అప్పుడప్పుడు ఒకదానితో నొకటి సరిచూచుకొని దిద్దుకొనక తప్పదు.

దిద్దుకొనుటకు అందరికిని తోచు ఉపాయ మొకటి గలదు. ఒక పెద్ద గడియారమును నియమించి, తక్కినవన్నియు దానికి లోబడునట్లు చేయుట. "ఇంటికొక పెద్ద" యను న్యాయమే ఇది. కవచ్ గాని తక్కిన పెక్కు యంత్రములు గాని ఉపగ్రహములు ప్రకటించు కాలమును ఇట్లే గ్రహించుచున్నవి. పద్ధతి సులభము, చౌక, సామాన్యముగా నమ్మదగినది. కాని పెద్దయే తప్పినప్పుడు? 2016 జనవరి 26వ తేదీన అమెరికా దేశపు జి.పి.ఎస్. ఉపగ్రహములలో పాతదానినొకదానిని సేవనుండి తొలగించునప్పుడు జరిగిన పొరపాటు వలన, కొన్ని ఉపగ్రహములు లోకకాలమును 13 మైక్రోసెకండ్ల తేడాతో ప్రకటించెను. 13 మైక్రోసెకండ్లనగా రెప్పపాటుకన్న వేలకొలది రెట్లు చిన్నది. కాని ఆ కొంచెము కాలములోనే వెలుగు సుమారు 4 కిలోమీటర్లు పోవును. ప్రపంచమున పెక్కు తావుల యంత్రములు కొన్ని గంటలపాటు కలవరపడెను. ఏ గడియారములు ఇతరులను గూడ విచారించి, "ఈ మాట వింతగా నున్నదే" యని సందేహింపగలిగెనో అవి నిలిచినవి. పెద్ద చెప్పినదని మారుమాట లేక తలయూచినవి తప్పినవి. గౌరవమునకును అంధవిశ్వాసమునకును గల భేదమును ఇంతకన్న చక్కగా చూపు దృష్టాంతము నాకు తెలియదు.

పెద్దరికము చాలనప్పుడు మిగులునది పరస్పర విచారణము. సంకేతములను నడపు రైల్వే గణకయంత్రములలో మూడు యంత్రములు ఒకే లెక్కను వేరువేరుగా చేయగా, రెండింటి మాట కలిసినచో దానిని అంగీకరించు పద్ధతి చిరకాలముగా నున్నది. మాట కలియనిచో బండిని ఆపివేయుదురు. నేలమీది బండి ఆగిన క్షేమమే గదా! కాని ఆకాశమున పోవు విమానము సందేహము కలిగినదని నడుమ ఆగలేదు. అందుచేత 1970వ దశకమున అమెరికాలో విమానమును నడుపు గణకయంత్రమును నిర్మింపబూనిన శాస్త్రజ్ఞులకు ఈ ప్రశ్న తీవ్రముగా తగిలినది. మూడు గడియారములలో ఒకటి చెడిన తక్కిన రెండును కలిసి నడువగలవా యని వారు పరీక్షించిరి. మనము కూడ ఒక పలక తీసికొని ఆ పరీక్ష చేసి చూతము.

మొదటి గడియారము 10 గంటలు చూపుచున్నది. రెండవది కొంచెము త్వరపడి 10 గంటల 10 నిమిషములు చూపుచున్నది. రెండును మంచివే, దిద్దుకొనగోరునవే. వాని నియమ మేమనగా, ముగ్గురి మాటయు విని నడిమి మాటను గ్రహించుట. ఇంతకన్న న్యాయమైన నియమ ముండునా? మూడవ గడియారము చెడినది. అది ఆగిపోయి యుండిన బాధ లేదు, ఆగినదని తెలిసిపోవును. అందరికిని ఒకే అబద్ధము చెప్పినను బాధ లేదు. అది చెప్పిన అబద్ధము ఎంత పెద్దదైనను, మంచివి రెండును ఒకే మూడు మాటలను విని ఒకే నడిమి మాటకు వచ్చును. కాని యిది ఆ రెండు విధములదియు కాదు. మొదటిదానితో "9 గంటల 50 నిమిషములు" అనును; రెండవదానితో "10 గంటల 20 నిమిషములు" అనును. ఫలమేమి? మొదటిది 9.50, 10.00, 10.10 అను మాటలు విని, "నేనే నడిమిదానిని, నేను మారనక్కర లేదు" అని నిశ్చయించుకొనును. రెండవది 10.00, 10.10, 10.20 అను మాటలు విని, అదియు "నేనే నడిమిదానిని" అనుకొనును. ఇద్దరును మంచివారు, ఇద్దరును నియమము తప్పలేదు, ఇద్దరును మధ్యస్థులమని నమ్మిరి. కాని వారి నడుమ నున్న 10 నిమిషముల యెడము ఒక్క నిమిషమైనను తగ్గలేదు, దినదినమును పెరుగును. ఇదియే రెండు నాలుకల గడియారము.

ఇప్పుడు నాలుగవదానిని, మంచిదానిని, 10 గంటల 5 నిమిషములు చూపుదానిని చేర్చుడు. నియమమును కొంచెము మార్చుడు: నలుగురి మాటయు విని, అన్నిటికన్న ముందున్న మాటను ఒకదానిని, అన్నిటికన్న వెనుకనున్న మాటను ఒకదానిని విడిచి, మిగిలిన రెండింటికి నడుమ నిలువవలెను. మొదటిది 9.50, 10.00, 10.05, 10.10 వినును; చివరల రెంటిని విడిచి 10 గంటల 2½ నిమిషములకు వచ్చును. రెండవది 10.00, 10.05, 10.10, 10.20 వినును, 10 గంటల 7½ నిమిషములకు వచ్చును. 10 నిమిషముల యెడము 5 నిమిషములైనది. మరల విచారించుకొనిన ఇంకను తగ్గును. రెండు నాలుకలవాడు ఎంత నేర్పుతో అబద్ధమాడినను మంచివారిని విడదీయలేడు. వానిని పట్టుకొననక్కరలేదు, శిక్షింపనక్కరలేదు, వాడెవడో తెలియనైన నక్కరలేదు.

1980లో మార్షల్ పీజ్, రాబర్ట్ షోస్టాక్, లెస్లీ లాంపోర్ట్ అను మువ్వురు ఈ విషయపు మూలసూత్రమును ప్రకటించిరి. 1982లో వారే దానికి బైజాంటియపు సేనాపతుల కథ యను రూపమిచ్చిరి: కోటను ముట్టడించిన సేనాపతులలో ద్రోహులుండగా తక్కినవారు ఏకమనస్కు లగుటెట్లు అనునదే ఆ కథ. లాంపోర్ట్, మెలియర్ స్మిత్ అనువారు 1985లో దీనిని గడియారములకు అన్వయించి వ్రాసిరి. నాన్సీ లించ్, జెనిఫర్ వెల్చ్ అను విదుషీమణులు ఇరువురు, పైన చెప్పినట్లు చివరలను విడిచి యెడమును సగము చేయు పద్ధతిని నిరూపించిరి. వీరందరి లెక్కల సారమొక్కటి. చెడినది ఒకటియైన మొత్తము నాలుగుండవలెను, రెండైన ఏడుండవలెను, చెడినవారు మూడవవంతునకు తక్కువగా నున్నంత వరకే మంచివారికి పొత్తు సాధ్యము. మన భాషలో లోకమునకు "నలుగురు" అని పేరు. నలుగురిలో మాట, నలుగురి నోట మాట అని మనవారు ఏ లెక్కయు వేయకయే అనుచున్నారు. ఇది కాకతాళీయమే కావచ్చును గాని, నాకు ముచ్చటగా తోచినది.

ముగ్గురితోనే పొత్తు కుదుర్చు ఉపాయము లేదా? ఒక్కటి గలదు. ప్రతివాడును తన మాటకు చెరపరాని చేవ్రాలు చేసి యిచ్చుట. విన్నవాడు ఆ చేవ్రాలుతోనే దానిని తక్కినవారికి చూపుట. అప్పుడు మూడవవాడు నాతో నొకటియు మీతో నొకటియు చెప్పినచో, మీరును నేనును ఆ రెండు పత్రములను ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొందుము. వాని మోసము అచ్చటనే ముగియును. మాటను మార్చుటకు వీలులేని చోట రెండు నాలుకలకు పని లేదు. శాస్త్రజ్ఞులకు ఇది గణితము. మనకిది గృహధర్మము.

ఇచ్చట ఒక శంక కలుగును. జడమైన గడియారము కుట్ర పన్నునా? పన్నదు. అది రెండు విధముల పలుకుటకు కారణము దౌష్ట్యము కాదు, దౌర్బల్యము. యంత్రములలో "అవును" అనుటకు ఒక విద్యుత్‌బలమును, "కాదు" అనుటకు మరియొక బలమును నియమించి యుందురు. యంత్రము బలహీనమైనప్పుడు ఈ రెండింటికి నడిమి బలముతో గొణుగును. ఆ గొణుగుడును ఒక శ్రోత "అవును" అని వినును. ఇంకొక శ్రోత "కాదు" అని వినును. చెప్పినవానికి ఎవరిని మోసగింపవలెనను కోరికయు లేదు. స్పష్టముగా చెప్పు సత్తువ లేదు, అంతే. కాని యింటిని చీల్చుటకు ఆ గొణుగుడు చాలును. ఈ సంగతి చదివిన దినమున నాకు నిద్ర పట్టలేదు. ఏలయన ఆ గడియారమును నేనెరుగుదును. అది నేనే.

మా తల్లిదండ్రులకు మేము మువ్వురము: అన్నగారు, అక్కగారు, నేను. మా తండ్రి కాలము చేసిన పిమ్మట మా అమ్మ నాచారములోని చిన్న యింటిలో చాలకాలముండెను. ఆమె చదువుకొన్నది కాదు. అయినను ఆమెకు ఒక నియమముండెను. ఎవరైనను ఆమె చెవిలో ఇంకొకరిని గూర్చి మాట వేయబోయినచో, "ఆగు బిడ్డా, వాడిని కూడ పిలువనీ, ఇద్దరి ముందర చెప్పుదువు గాని" అనెడిది. సగము మాటలు అచ్చటనే చచ్చిపోయెడివి. ఆమె పోయిన తరువాత మేము ముగ్గురమే మిగిలితిమి. ఇంటి విషయము వచ్చినది. అన్నగారు దసరాలోపల అమ్మివేసి భాగములు పంచుకొందమనిరి. అక్కగారు అమ్మ తిరిగిన యిల్లు గదా, కొన్నియేండ్లు ఉంచుదమనిరి. ఇద్దరి మాటలోను న్యాయముండెను. ఇద్దరి నడుమను సంధికి చోటుండెను.

నేను ఇద్దరికిని ప్రియుడను. ఇద్దరికిని ప్రియుడనుగానే యుండగోరితిని. అన్నగారు ఒంటరిగా అడిగినప్పుడు, "దసరా దాక యెందుకన్నా? నేనైతే ఈ నెలలోనే అమ్ముదును" అంటిని. అక్కగారు కన్నీరు పెట్టుకొని అడిగినప్పుడు, "కొన్నియేండ్లేమక్కా? నేనైతే ఎన్నటికిని అమ్మను" అంటిని. ఎవరికిని కీడు తలపెట్టలేదు. ఇద్దరిని ఓదార్చితి ననుకొంటిని. పలకమీది లెక్కను మరల చూడుడు. అన్నగారికి ఒకవైపున అక్కగారును, వేరొకవైపున తనకన్న తొందరపడు తమ్ముడును కనబడిరి. తాను మధ్యస్థుడనని ఆయన నమ్మెను. అక్కగారికి ఒకవైపున అన్నగారును, వేరొకవైపున తనకన్న పట్టుదల గల తమ్ముడును కనబడిరి. ఆమెయు అట్లే నమ్మెను. ఇద్దరును మంచివారు. ఇద్దరిలో ఒక్కరును కదలలేదు. ఏడాది తిరుగకమునుపే రాకపోకలు తగ్గెను. తరువాత మాటలు ఆగెను. అన్నగారి కుమార్తె పెండ్లికి అక్కగారు రాలేదు. పెండ్లిపందిరిలో నేను అటునిటు తిరుగుచు, వారి మొండితనమును గూర్చి చుట్టములతో విచారపడుచుంటిని. మొండితనము వారిది కాదని అప్పుడు నాకు తెలియదు.

కొండెములు చెప్పువానిని లోకము గుర్తించి నిందించును. కాని మెత్తనివానిని, ఎవరి మనస్సును నొప్పింపనివానిని, ఎక్కడి కక్కడ తలయూచువానిని మనము సజ్జనుడని పొగడుచున్నాము. మన యిండ్లలో పిల్లలకు నేర్పు వినయములో చాలభాగము ఈ తలయూపే. అత్తవద్ద నొకమాట, కోడలివద్ద నొకమాట, కట్నము తప్పని సభలో నొకమాట, కట్నము పుచ్చుకొన్న వియ్యంకుని యెదుట నొకమాట. ఇవన్నియు మర్యాద యను పేరున చెల్లుచున్నవి. మూడవవంతు గడియారములు చెడిన ఏ నియమమును పనిచేయదని గణితము చెప్పుచున్నది. మన బంధువర్గములో, మన సభలలో, మనలో, ఈ మర్యాదస్థులు ఎందరో లెక్కించుకొన్నచో మన సంస్కరణములు ఏల ముందుకు సాగవో కొంత తెలియును.

ఇంతవరకు నాతో వచ్చిన పాఠకులలో వివేకులైనవారికి ఒక ఆక్షేపణ తోచియుండును, నాకును తోచినది. చివరి మాటలను విడిచి నడిమి మాటను పట్టుట గడియారములకు ధర్మమైనచో, సంఘమునకును అదియే ధర్మమా? అట్లయిన సంస్కర్త గతి యేమి? 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహమును జరిపినప్పుడు, ఊరివారందరు చూపు కాలమునకు ఆయన చూపు కాలము ఎంత దూరము! 1906లో మన హైదరాబాదున జగన్మిత్ర మండలిని స్థాపించిన భాగ్యరెడ్డివర్మగారు, 1917లో బెజవాడ సభకు అధ్యక్షులై, తమవారు పంచములు కారు, ఈ దేశపు ఆదివాసులని చాటినప్పుడు, ఆ మాట ఎందరికి చివరి మాటగా తోచెను! నలుగురితో పాటు నారాయణ యనుటయే జ్ఞానమైనచో ఈ మహనీయులు చెడిన గడియారములని విడువబడవలసినవారేనా?

ఈ ఆక్షేపణ బలమైనది. దీనికి రెండు సమాధానములు తోచుచున్నవి. మొదటిది: వేరుగా చెప్పుట వేరు, రెండు విధములుగా చెప్పుట వేరు. పంతులుగారు పండితులతో నొకటియు వితంతువులతో నొకటియు చెప్పలేదు. భాగ్యరెడ్డివర్మగారు సభలో నొకటియు వాడలో నొకటియు చెప్పలేదు. చేవ్రాలు చేసినట్లు ఒకే మాటను అందరి యెదుటను పలికిరి. అట్టి మాట ఎంత దూరమైనదైనను మంచివారిని ఒకరినుండి ఒకరిని చీల్చదు. వారు దానిని అంగీకరింపవచ్చును, నిరాకరింపవచ్చును, కాని అందరును ఒకే మాటను గూర్చియే వాదించుచున్నారు. అందరును ఒకే మాటను విన్న చోట విచారమునకు తావుండును. కావున సంఘమునకు అపాయము సంస్కర్త వలన కాదు. ఆయన యెదుట "నిజమే" యని, వెలుపలికి వచ్చి వెలివేత పత్రముమీద వ్రాలు చేసినవాని వలన.

రెండవ సమాధానము మరింత ముఖ్యమైనది. పొత్తు వేరు, సత్యము వేరు. ఉప్పల్ కూడలిలో నిలిచి చూడుడు. మెట్రో స్టేషనులోను, దుకాణములలోను, బస్సులలోను, అందరి చేతులలోను గడియారములన్నియు కలిసియే మధ్యాహ్నము 12 గంటలు చూపును. సూర్యుడు మాత్రము, సంవత్సరపు సగటున, ఇంకను సుమారు 16 నిమిషములు వెనుకబడియే యుండును. మన దేశకాలము 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమును బట్టి ఏర్పడినది. ఆ రేఖ కాకినాడ చెంత పోవుచున్నది. ఉప్పల్ దానికి సుమారు 4 డిగ్రీలు పడమర. ఒక్కొక్క డిగ్రీకి 4 నిమిషములు. 1906లో బ్రిటిషు ఇండియాలో ఏర్పరుపబడిన ఈ కాలము ఒక సౌకర్యము, ఒక ఒడంబడిక. నిజమైన మధ్యాహ్నము కాదు. దీనివలన హాని లేదు. ఇది ఒడంబడికయని మన మెరుగుదుము గనుక. హాని యెప్పుడనగా, ఒడంబడికను సూర్యుడని భ్రమించినప్పుడు. బాల్యవివాహములును, అస్పృశ్యతయు, వితంతువుల శిరోముండనమును ఇట్టి ఒడంబడికలే. తరతరముల వా రందరును ఒకే కాలము చూపుచుండుట చేత అదియే సూర్యగతి యని నమ్మిరి. శాస్త్రజ్ఞులు గడియారములు తమలో తాము కలియుటను ఒక పనిగను, వెలుపలి సత్యకాలముతో కలియుటను మరియొక పనిగను వేరుచేసి చెప్పుచున్నారు. మొదటిదానికి నలుగురు చాలుదురు. రెండవదానికి నలుగురును ఆకాశమువైపు చూడవలెను. సంస్కర్త చేయునదెల్ల ఇంతే: తన గడియారమును చూడుమని ఆయన అడుగడు, సూర్యుని చూపును. బాధపడుచున్న ఒక్క ప్రాణిని మన యెదుట నిలిపి, "మీ లెక్క దీనితో సరిపోవుచున్నదా?" అని యడుగును.

కావున యంత్రముల నియమము మన కెంతవరకు పనికివచ్చును? పొత్తు కుదుర్చుకొనుటకు పనికివచ్చును. సత్యమును కనుగొనుటకు అది యొక్కటే చాలదు. కాని ఆ రెంటికిని ఒకే పునాది గలదు: ఒకనికి చెప్పినదే పదిమందికిని చెప్పుట. ఆ పునాది లేనిచోట పొత్తును లేదు, సత్యాన్వేషణమును లేదు.

నా కథను మిగిల్చి వ్యాసము ముగించుట న్యాయము కాదు. గత సంవత్సరము నేను అన్నగారిని అక్కగారిని ఆ నాచారపు ఇంటికే పిలిచితిని. తాళము తీసి, దుమ్ము దులిపి, అమ్మ కూర్చుండెడి చోట చాప పరచి, ఇద్దరిని కూర్చుండబెట్టి, అన్నగారితో నేనేమంటినో అక్కగారి యెదుటను, అక్కగారితో నేనేమంటినో అన్నగారి యెదుటను, మాటకు మాట చెప్పితిని. ఇద్దరును చాలసేపు పలుకలేదు. పిమ్మట ఇద్దరును నా మీద కోపించిరి. చాల సంవత్సరములకు వారిద్దరు ఒక్క విషయమున ఏకీభవించుట అదియే మొదలు. ఇల్లు ఏమి చేయవలెనో ఇంకను తేలలేదు. అక్కగారు రెండేండ్లనుచున్నారు, అన్నగారు ఒక యేడనుచున్నారు. ఇప్పు డా మాట ఒకరితో నొకరు చెప్పుకొనుచున్నారు, నాతో కాదు. నా మీది ప్రియము కొంత తగ్గినది. అది నేను చెల్లింపవలసిన బాకీయే.

సోదరీసోదరులారా, మీ యింటిలో నలుగురున్నను ముగ్గురున్నను, ఈ రాత్రి ఒక్క క్షణము లెక్క చూచుకొనుడు. మీరు ఎవరితో ఏమంటిరో, ఆ మాటను తక్కినవారి యెదుట అట్లే పలుకగలరా? పలుకగలిగినచో మీ గడియారము త్వరపడినను వెనుకబడినను భయము లేదు. నలుగురును కలిసి దానిని దిద్దవచ్చును. పలుకలేకున్నచో, తక్కిన గడియారములను తప్పుపట్టక మునుపు, ఇద్దరిని ఒక్కచోటికి పిలువుడు.